సింధుకు గొంతు పోయిందట

ఆ సోమవారం పొద్దున సింధు పెట్టుకున్నవి మూడే పనులు. టిఫిన్ తినేటప్పుడు అమ్మకు విషయం చెప్పాలి. తొమ్మిదింటికి వెళ్ళి ఫాయిజా చేతిలో పాట పెట్టాలి. పన్నెండు లోపు సాంబశివరావు బాబాయిని ఒప్పించాలి. ఆ తర్వాత భోంచేసి ఒక కునుకు కూడా తీయవచ్చని అనుకుంది. కందిమళ్ళపాలెంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా బతుకుతున్న మనిషి అంత ధీమాగా ఉండటం ఆమె తప్పే.

సింధు నరసరావుపేట కాలేజీ వార్షికోత్సవంలో మొదలుపెట్టి, పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో పాప్ పాటలు పాడి పేరు తెచ్చుకుంది. ఆమె పాడిన ఒక పాటను ఫోన్లలో నలభై లక్షల మంది చూశారు. ఆ నలభై లక్షల్లో సగం తమ ఊరివాళ్ళేనని కందిమళ్ళపాలెం గట్టి నమ్మకం. ఊరి జనాభా మూడు వేలైనా ఆ నమ్మకానికి అడ్డు రాలేదు.

ఆ ఊరి నుంచి ఏటా కోటప్పకొండకు, బొంగులతో కట్టి బల్బులతో అలంకరించిన తొంబై అడుగుల ప్రబ బండి మీద కదులుతుంది. దానికొక పట్టింపు ఉంది. శివరాత్రి పొద్దున ప్రబ ముందు ఒక మనిషి నిలబడి పాట పాడాలి. రికార్డు పెట్టకూడదు. పాట పూర్తయ్యాకే ట్రాక్టర్లు కదలాలి. ఏడేళ్ళ కిందట గుంటూరు నుంచి ఎవరో గాయకుణ్ణి పిలిపిస్తే, పొలిమేర దాటకముందే ఇరుసు విరిగింది. మరుసటి ఏడు సింధు పాడింది, ఇరుసు కిర్రుమని కూడా అనలేదు. అప్పటి నుంచీ ప్రబ కమిటీ పెద్ద సాంబశివరావుకు ఇరుసుకు గ్రీజు ఎంతో సింధు గొంతూ అంతే.

ఈ ఏడు సింధు తనే ఒక పాట రాసింది. ఇరవై రెండు పంక్తులకు నెల రోజులు పట్టింది. తీరా పాడి చూసుకుంటే అది తన పాత పాటల్లాగే ఉంది. ఒకరోజు యాంప్లిఫయర్ బాగుచేయించుకోవడానికి నదీం షెడ్డుకు వెళ్ళి, అక్కడ కూర్చుని రెండు పంక్తులు కూనిరాగం తీసింది. నదీం కూతురు ఫాయిజా డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆ పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే ఆ రెండు పంక్తులూ తిరిగి పాడింది. సింధుకు ఒళ్ళు ఝల్లుమంది. పన్నెండేళ్ళుగా వేదికల మీద పాడుతున్నా తన పాట జనానికి ఎలా వినపడుతుందో ఆమెకు తెలియదు. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, తను రాసిన మాటలు జనంలో కింద నిలబడి వినాలని అప్పుడే గట్టిగా కోరిక పుట్టింది. పాడటం మానేయాలని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

"అమ్మా, ఈ ఏడు ప్రబ పాట నేను పాడటంలా. రాశా. ఫాయిజా పాడుద్ది," అంది దోసె తుంచుతూ.

పెనం ముందు నిలబడ్డ తిరుపతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "గొంతుకేమైందే?"

"ఏం కాలా. బాగానే ఉంది."

"బాగుంటే ఎందుకు పాడవు?"

"రాయటం బాగుంది నాకు. ఫారిన్లో చానా పెద్ద పెద్ద పాప్ సింగర్లు కూడా వేరేవాళ్ళకి పాటలు రాసిస్తారమ్మా. మామూలే ఇది."

"వాళ్ళకీ గొంతులు పోయుంటయ్. బయటికి చెప్పుకోరు."

"గొంతు పోలేదే అమ్మా. ఇష్టమై రాస్తన్నా."

"కాళ్ళుండంగా చెప్పులు దానం చేసేవాళ్ళని నేనెక్కడా చూళ్ళా," అని తిరుపతమ్మ పొయ్యి మంట తగ్గించింది. ఆమెకు కోపం వస్తే మంట పెంచుతుంది, భయం వేస్తే తగ్గిస్తుంది. సింధు అది గమనించకుండా రెండో దోసె తిని, పాట కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తిరుపతమ్మ అబద్ధమాడే మనిషి కాదు. తోడు పెరుగు కోసం పక్కింటి ప్రేమమ్మ దగ్గరకు వెళ్ళి ఆమె అన్నది ఇంతే. "మా పిల్ల ఈసారి పాడదంట. గొంతు బాగానే ఉందంటంది. ఇంక రాసుకుంటదంట. నాకెందుకో భయంగా ఉందొదినా."

ఈ మాటల్లో మధ్యలో ఉన్న ముక్క ప్రేమమ్మ ఇంటి నుంచి కుళాయి దాకా వెళ్ళేలోపే జారిపోయింది. మిగిలింది, పాడదట, ఇంక రాసుకుంటుందట. కుళాయి దగ్గర బిందె నిండే లోపల అది, మాట పడిపోయిందట, ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తోందట అని తేలింది. టీ కొట్టు దగ్గర దానికి గుంటూరు డాక్టరు కలిశాడు. ఆ డాక్టరు చేతులెత్తేశాడని పది గంటల బస్సు ఎక్కినవాళ్ళు చెప్పుకున్నారు. పదకొండింటికి ముప్పాళ్ళ నుంచి మేనత్త ఫోన్ చేసింది. సింధు ఎత్తి, "చెప్పత్తా," అనగానే, "నీతో కాదమ్మా, సింధుకి ఫోను చెవి దగ్గర పెట్టు, నా మాటన్నా వింటది," అని బావురుమంది.

అప్పటికి సింధు పాట ఇచ్చేసి ఇంటికి తిరిగి వస్తోంది. ఫాయిజా ఆ కాగితం చూసి మొదట నమ్మలేదు. తర్వాత షెడ్డు వెనక్కి వెళ్ళి మొత్తం పాట పాడి వినిపించింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు. ఆ సంతోషంలో మేనత్త ఏడుపు సింధుకు తలకెక్కలేదు. గుమ్మంలో అడుగు పెట్టాకే కథ అర్థమైంది.

వరండాలో కుర్చీలో సాంబశివరావు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఒక లాంగ్ నోట్‌బుక్కు, జేబులో ఆరు పెన్నులు. పక్కన ప్రేమమ్మ గ్లాసుడు కషాయంతో నిలబడి ఉంది. కరక్కాయ, మిరియాలు, అల్లం, ఇంకా ఏదో ఆకు వేసి కాచింది. వాసన వీధి మలుపులోకే వచ్చింది.

"బాబాయ్, నా గొంతు..." అని సింధు మొదలుపెట్టింది.

"మాట్టాడమాక తల్లీ," అని సాంబశివరావు చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు పోయినవాళ్ళకు చెవులు కూడా వినపడవనుకున్నాడేమో, పొలం గట్టు మీది నుంచి పిలిచినట్టు అరిచి చెబుతున్నాడు. "నరం తెగుద్ది. ఏం చెప్పాలన్నా ఇందులో రాయి. నూరు పేజీలుంది. అయిపోతే ఇంకోటి తెస్తా."

"పట్టుకొచ్చింది తాగమ్మా ముందు," అంది ప్రేమమ్మ.

సింధు గ్లాసు పుచ్చుకుని ఆలోచనలో పడింది. గొంతు బాగుందని నిరూపించడం పెద్ద పనేం కాదు, ఒక ఆలాపన తీస్తే చాలు. కానీ గొంతు బాగుందని తెలిసిన మరుక్షణం ఈ పెద్దమనిషి, మరింకేం, నువ్వే పాడు అంటాడు. ఇరుసు కథ చెబుతాడు. ఫాయిజా వద్దంటాడు. పోయిందనుకుంటే మాత్రం వేరే దారి లేదు, ఎవరో ఒకరు పాడాలి. సింధు కషాయం మింగి, మొహం అష్టవంకరలు పోతుంటే పెన్ను అందుకుని రాసింది. పాట నేను రాశాను, నదీం మామ కూతురు ఫాయిజా పాడుతుంది, కాదనవద్దు బాబాయ్.

సాంబశివరావు చదివాడు. అరవై రెండేళ్ళ మనిషి, మూడు సార్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడి మూడు సార్లూ ఓడినా కంట తడిపెట్టనివాడు, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నీ గొంతు పోతా కూడా ప్రబ గురించే ఆలోచించావు గదే. అట్టాగే. నువ్వెవరి చేత పాడించమంటే వాళ్ళ చేతే పాడిద్దాం," అని అరిచి, నోట్‌బుక్కు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయన గేటు దాటాక సింధు అమ్మను వంటింట్లోకి లాక్కెళ్ళి, నెమ్మదిగా ఒక పల్లవి పాడి, జరిగింది చెప్పింది. తిరుపతమ్మ అంతా విని గుండెల మీద చెయ్యి వేసుకుంది. సంతోషించిందో కంగారు పడిందో ఆమెకే తెలియలేదు.

"బాగుందని ఇప్పుడు ఎట్టా చెప్పనే? ఆయన ఏడ్చిపోయాడు. ఏడ్చినోళ్ళ దగ్గరికెళ్ళి, ఊరికే ఏడ్చావయ్యా అని చెప్తామా?"

"పది రోజులు ఓపిక పట్టమ్మా. శివరాత్రి కాగానే తగ్గిందందాం."

అంతటితో అయిపోయి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగేది. మర్నాడు పొద్దున్నే నదీం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. జనరేటర్లు బాగుచేసే మనిషి, చేతులకు ఎప్పుడూ నూనె మరక ఉంటుంది. ఆ రోజు మాత్రం సబ్బుతో రుద్ది కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద మాట చెప్పడానికి వచ్చాడని ఆ చొక్కా చూస్తేనే తెలుస్తోంది. ఫాయిజా కళ్ళు ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"ఈ కాయితం తీసుకో బేటీ," అని నదీం పాటను బల్ల మీద పెట్టాడు. "మా తాత కాలం నుంచి ఈ ఊరి ప్రబకి దీపాలు మా ఇంటోళ్ళే వెలిగిస్తన్నారు. నీ గొంతు పోయిందని మా పిల్ల ముందుకొచ్చి పాడితే, అది దొంగతనంతో సమానం. నాకొద్దు."

"మామా, నా గొంతు పోలా. ఇదిగో మాట్టాడతన్నా గదా," అంది సింధు గుసగుసగా.

"మాట వేరు, పాట వేరు. మా పిల్ల బాధపడుద్దని నువ్వు అట్టా అంటన్నావు."

"అక్కా, నాకొద్దక్కా," అంది ఫాయిజా. "నువ్వు అట్టా ఉంటే నా నోట్లోంచి పాట రాదు."

సింధుకు ఏం చేయాలో పాలుపోలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నదీం ముందు గొంతు ఉండాలి, సాంబశివరావు ముందు ఉండకూడదు. ఒకటే గొంతు, అది ఒక వీధిలో ఉండి ఇంకో వీధిలో లేకుండా పోవాలి. ఇక్కడ పాడి వినిపిద్దామంటే ప్రేమమ్మ గోడ అవతలే ఉంది. ఆమె చెవిలో పడితే పన్నెండు లోపు సాంబశివరావుకు తెలుస్తుంది.

"షెడ్డుకి పదండి మామా. జనరేటర్ ఆన్ చేయండి. ఆ చప్పుడులో మీ ఇద్దరికే వినపడేట్టు పాడతా. అప్పుడు నమ్ముతారా?"

నదీం తల ఊపాడు. ముగ్గురూ షెడ్డుకు వెళ్ళారు. ప్రబ కోసం తయారవుతున్న పెద్ద జనరేటర్‌ను నదీం స్టార్ట్ చేశాడు. రేకులు దడదడలాడాయి. సింధు వాళ్ళిద్దరి మధ్యా నిలబడి, గుండె నిండా గాలి పీల్చి, పాట ఎత్తుకుంది. ముందురోజు నుంచీ గుసగుసలతో, కషాయాలతో బతికిందేమో, గొంతు కట్టు తెంచుకున్న కోడెలా పరుగెత్తింది. ఫాయిజా మొహం విప్పారింది. నదీం చెవి దగ్గరగా పెట్టి విన్నాడు, ఇంకా దగ్గరగా పెట్టాడు. చరణం దగ్గర సంగతి సరిగా వినపడలేదు. మంచి పాట సగం వినడం అతనికి చేతకాదు. అలవాటుగా చెయ్యి చాచి జనరేటర్ ఆపేశాడు.

ఉన్నట్టుండి షెడ్డంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో సింధు గొంతు ఒక్కటే రోడ్డు దాకా మోగింది. ఆ రోడ్డు మీదే, జనరేటర్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వస్తున్న సాంబశివరావు నిలబడిపోయి ఉన్నాడు. చేతిలో కొబ్బరికాయ ఉంది.

దొరికిపోయానని సింధు అనుకుంది. పాట నోట్లోనే ఆగిపోయింది. సాంబశివరావు మెల్లగా షెడ్డులోకి వచ్చాడు. కోపం లేదు, ప్రశ్న లేదు. రెండు చేతులూ ఎత్తి కొండ ఉన్న దిక్కుకు దణ్ణం పెట్టాడు.

"ఇప్పుడే మొక్కుకొని వస్తన్నా కోటయ్యకి," అన్నాడు. "పిల్లకి గొంతు తిరిగిస్తే ప్రబకి ఇంకో పది అడుగులు కడతానని. కొబ్బరికాయన్నా కొట్టలేదు, ఇచ్చేశాడు."

"అది కాదు బాబాయ్, నా గొంతు అసలు పోలేదు. నేనే..."

"అట్టా అనమాక, కళ్ళు పోతయ్," అని సాంబశివరావు కొబ్బరికాయను అక్కడే జనరేటర్ ముందు కొట్టేశాడు.

కందిమళ్ళపాలెంలో గొంతు పోయిన వార్తకు బస్సు కావాల్సి వచ్చింది. తిరిగొచ్చిన వార్తకు అదీ అక్కరలేకపోయింది. మధ్యాహ్నానికి ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో సింధు రెండు చేతులూ జోడించి నవ్వుతోంది. పైన కోటయ్య, కింద మూడు వరుసల్లో కమిటీ సభ్యులు, అందరికంటే పెద్దగా సాంబశివరావు. ప్రబ నూరడుగులైంది. పక్క ఊరివాళ్ళది తొంబై ఐదని నిరుడే ఊరందరూ మనసులో పెట్టుకుని ఉన్నారు కాబట్టి, ఈ మొక్కులో దేవుడి పాలు ఎంతో పక్క ఊరి పాలు ఎంతో ఎవరూ విచారించలేదు. బొంగులు వచ్చాయి, బల్బులు వచ్చాయి, కరెంటు తీగలు ఇంకా పైకి ఎత్తాలని ఆఫీసుకు అర్జీ కూడా వెళ్ళింది.

మూడో రోజు నుంచి సింధు ఇంటి ముందు మనుషులు మొదలయ్యారు. మిర్చి యార్డులో వేలం పాటలు కేకేసి గొంతు రాసిపోయిన మనిషి ఒకడు, ముప్పయ్యేళ్ళు పిల్లల మీద అరిచిన లెక్కల మాస్టారు ఒకరు, వినుకొండ బస్సు కండక్టరు ఒకడు. అందరూ ఆమె చెయ్యి ఒక్కసారి తమ గొంతు మీద పెట్టమంటారు. సింధు కాదంటే నిగర్వి అంటారు, పెడితే నయమైందంటారు. కండక్టరు అక్కడే నిలబడి, వినుకొండ వినుకొండ అని నాలుగు కేకలు పెట్టి, తృప్తిగా వెళ్ళిపోయాడు.

"నా గొంతు ఏనాడూ పోలేదండీ," అని సింధు ఒక్కొక్కరికీ చెప్పింది. ఎన్నిసార్లు చెబితే అంత గొప్పదైంది. ప్రేమమ్మ మాత్రం దేవుడికి సగమే పేరు ఇచ్చింది. "దేవుడెప్పుడో ఇస్తాడు గానీ, ఇచ్చింది మన కషాయం," అని ఆమె గోడ మీది నుంచి అందరికీ చెబుతోంది.

ఇంత సంబరంలో ఫాయిజా పాట ఎవరికీ గుర్తులేదు. దేవుడు గొంతు తిరిగి ఇచ్చాక వేరేవాళ్ళు పాడటమేమిటి. సింధు రెండు సార్లు కమిటీ దగ్గరకు వెళ్ళి అడిగింది. రెండు సార్లూ అందరూ ఆప్యాయంగా నవ్వి టీ తెప్పించారు. నదీంకు ఇప్పుడు నమ్మకం కుదిరింది, పిల్ల పాడటానికి ఒప్పుకున్నాడు కూడా. పాడించేవాళ్ళే లేరు. "ఫర్లేదక్కా, వచ్చే ఏడు చూద్దాం," అని ఫాయిజా నవ్వింది. ఆ నవ్వు చూసి సింధు ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. పాట పుట్టిందే ఆ పిల్ల గొంతులో. దాన్ని తనే మళ్ళీ పాడి పాతపాట చేసేయాలి. జీవితంలో ఒక్కసారి కోరుకున్నది అంత దగ్గరకు వచ్చి చేజారిపోతోంది.

"నిజం చెప్తే నమ్మరు. అబద్ధం చెప్తే దేవుడొచ్చి సరిచేస్తన్నాడు. ఇంకేం చెయ్యాలమ్మా?" అంది.

"ఈ ఊళ్ళో మనిషి మాట ఎప్పుడన్నా చెల్లిందా?" అని తిరుపతమ్మ ఉల్లిపాయలు తరుగుతూ నిట్టూర్చింది.

శివరాత్రి పొద్దున ఊరు ఊరంతా ప్రబ చుట్టూ చేరింది. నూరడుగుల ప్రబ రంగు గుడ్డలతో, బల్బులతో నిలబడితే దాని కొస చూడటానికి ముసలివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. ట్రాక్టర్లు పొగ వదులుతున్నాయి. నదీం జనరేటర్ పక్కన కూర్చున్నాడు. ఫాయిజా తండ్రి వెనక నిలబడి ఉంది. సాంబశివరావు వేదికెక్కి, మొక్కు కథంతా మొదటి నుంచి చెప్పి, కోటయ్య ఇచ్చిన గొంతును ఇప్పుడు మీరే వినండి అని మైకు సింధు చేతికిచ్చాడు. జనం ఈలలు వేశారు.

సింధు మైకు పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. ఈ ఊళ్ళో మనిషి మాట చెల్లదు, నిజమే. చెల్లేది ఒకటే ఉంది, అది ఇప్పుడే ఆయన నోటి నుంచి అందరూ విన్నారు.

"బాబాయ్," అంది మైకులోనే. "నువ్వొక్కడివే కాదు, నేను కూడా కోటయ్యకి మొక్కుకున్నా."

ఈలలు ఆగిపోయాయి.

"నా గొంతు నాకుంటే, ఈ ఏడు ప్రబ పాట నేను పాడనయ్యా, నా పాట ఫాయిజా చేత పాడించి నేను జనంలో నిలబడి వింటానని మొక్కుకున్నా."

సాంబశివరావు మొహంలో రంగులు మారాయి. కళ్ళు ఒకసారి ఇరుసు మీదికి పోయాయి, ఒకసారి కొండ మీదికి పోయాయి. గుంటూరు గాయకుడు గుర్తొచ్చాడు. కమిటీవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొక్కు వద్దనగల మనిషి పల్నాటిలో ఇంతవరకు పుట్టలేదు, పైగా పది అడుగుల మొక్కు చెల్లించి నిలబడ్డవాడు అసలు అనలేడు.

"ముందే చెప్పకూడదటే తల్లీ," అన్నాడు చివరికి, నీరసంగా. "మొక్కంటే మొక్కే. నదీం, పిల్లని పంపు."

నదీం కూతురి వీపు తట్టాడు. ఫాయిజా వేదికెక్కే దారిలో సింధు దిగుతూ ఎదురైంది. మైకు చేతులు మారింది. తిరుపతమ్మ జనంలోకి వచ్చిన కూతురి చెవి దగ్గరకు వంగి, "ఎప్పుడు మొక్కుకున్నావే?" అని అడిగింది.

"మైకు చేతికిచ్చినప్పుడు."

ఫాయిజా మొదటి పంక్తికి కొంచెం వణికింది. రెండో పంక్తికి కుదురుకుంది.

"వాకిట్లో దీపం పెడితే వీధికి కనపడుద్ది,
నూరడుగుల దీపమెత్తాం, నీకు కనపడ్డామా కోటయ్యా..."

తొంబై అని రాసిన చోట ఆ పిల్లే నూరు అని మార్చింది. జనం గోల ఒక్కసారిగా తగ్గింది. సింధు దుమ్ములో, ఎవరిదో మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంటుంటే నిలబడి వింది. ముందు నిలబడ్డ ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. పక్కన ఎవరో, ఎవరు రాశారబ్బా ఇది అన్నారు. సింధుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పన్నెండేళ్ళలో ఎన్ని చప్పట్లు విన్నా, ఆ ఒక్క మాట విన్నంత సంతోషం ఆమెకు ఎన్నడూ కలగలేదు. పాట అయిపోయింది, ట్రాక్టర్లు కదిలాయి. సాంబశివరావు ఇరుసు పక్కనే నడుస్తూ పొలిమేర దాకా వంగి చూస్తూనే వెళ్ళాడు. అది నున్నగా తిరిగింది.

కొండ నుంచి ప్రబ తిరిగి వచ్చే లోపల పాట ఫోన్లన్నిటికీ ఎక్కింది. కింద రచన సింధు, గానం ఫాయిజా అని ఉంది. వారం తిరక్కుండా ఆరు ఊళ్ళ ప్రబ కమిటీలు సింధు ఇంటికి వచ్చాయి. పక్క ఊరివాళ్ళు కూడా, తల కొంచెం దించుకుని, వచ్చారు. అందరికీ వచ్చే ఏటికి పాటలు కావాలి. అందరూ సింధును అక్క అని కాక గారూ అని పిలిచారు. గుంటూరు నుంచి ఇద్దరు కొత్త గాయకులు ఫోన్ చేసి తమకూ రాసి పెట్టమన్నారు. తిరుపతమ్మ అందరికీ టీ పెట్టి, కూతురు రాసుకుంటోందని వీధిలో గట్టిగా మాట్లాడేవాళ్ళను కసరడం మొదలుపెట్టింది. సాంబశివరావు నూరు పేజీల పుస్తకం ఇంకోటి తెచ్చి ఇచ్చాడు.

అలా నెల గడిచింది. సింధు నాలుగు పాటలు రాసింది. రాసినవి మనసుకు నచ్చాయి కూడా. కానీ పాడే మనిషికి పాడకపోతే ఎలా ఉంటుందో తెలిసిందే కదా. ఒక శనివారం నరసరావుపేట కాలేజీలో వార్షికోత్సవానికి పిలిస్తే సంతోషంగా వెళ్ళి, తన పాత పాప్ పాట ఒకటి, కుర్రాళ్ళు అడిగారని ఇంకోటి, హాయిగా పాడి వచ్చింది.

ఆదివారం పొద్దున ఆమె పళ్ళు తోముకుంటుండగానే ప్రేమమ్మ గుమ్మంలోకి వచ్చింది. వెనక కుళాయి దగ్గరి ఆడవాళ్ళు నలుగురు ఉన్నారు. అందరి మొహాల్లోనూ పలకరింపుకు వచ్చినప్పటి దిగులు ఉంది. ప్రేమమ్మ సింధు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమిరింది.

"ఏంది తల్లీ, మళ్ళీ పాడతన్నావంట నిన్న. రాయటం పోయిందా?"

సింధు నోరు తెరిచింది. ఇష్టమై పాడానని చెబుదామనుకుంది. ఆ నలుగురి మొహాలూ చూసి, వాటి వెనక కుళాయినీ, టీ కొట్టునూ, పది గంటల బస్సునూ ఒకసారి ఊహించుకుంది.

"చెయ్యి బెణికింది అత్తా. రెండు రోజుల్లో తగ్గుద్ది," అంది.

ఆమె చెప్పిన మాటల్లో కందిమళ్ళపాలెం మారు మాట్లాడకుండా నమ్మింది ఇదొక్కటే.